అమెరికా గుమాస్తా, మా లైబ్రరీ మావ

రాజాం లైబ్రరీలో నేను ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుంటాను. వెలుతురు అటే బాగుంటుందని అందరితో చెబుతాను. అసలు సంగతి, చదివేటప్పుడు నా పెదవులు కదులుతాయి. చిన్నప్పుడు బడికెళ్ళినవాళ్ళు నోరు మూసుకుని కళ్ళతో చదివేస్తారు. మనవలు పుట్టాక అక్షరాలు దిద్దినవాళ్ళకి ఆ విద్య రాదు. ఒక్కొక్క మాటా నోట్లో వేసుకుని నమిలితే గానీ లోపలికి దిగదు. పోయిన నెల, ఆ లైబ్రరీ చూసుకునే అమ్మాయిని ఒక మాట అడిగాను. అమెరికా దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో వాళ్ళ చట్టసభకి గుమాస్తాగా పనిచేసి, ఎన్నికలు నడిపి, చివరికి ఆ దేశపు పెద్ద లైబ్రరీకి మొట్టమొదటి అధికారి అయిన మనిషి ఒకాయన ఉండాలి, ఆయన గురించి ఏమైనా దొరుకుతుందా అని. ఆ పిల్ల నన్నూ నా చేతిసంచినీ మార్చి మార్చి చూసింది.

"ఆయన నీకెలా తెలుసు మామ్మా?"

"మా మావకి బాగా కావలసినవాడు."

పాపం, నవ్వలేదు. కంప్యూటరులో వెతికి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, నా కళ్ళకి ఆనేంత పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. అది చదవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. చాలావరకు తెలిసిన కథే. ఇంగ్లండులో పుట్టడం, చిన్నతనంలోనే ఓడ ఎక్కించి అమెరికా పంపేయడం, అక్కడొక ముసలి గుమాస్తా దగ్గర పనికి కుదరడం, అన్నీ నేను లంగా కట్టిన రోజుల్లో విన్నవే. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ఆ కుర్రాణ్ణి ఏరి ఓడ ఎక్కించింది అతని చేతిరాత బాగుందనట. అంటే ఓడ ఎక్కేనాటికే అతనికి అక్షరాలు వచ్చు. మా మావ నాకు చెప్పింది ఇది కాదు. పనికని తెచ్చిన పిల్లాణ్ణి ఆ ముసలాయన పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు నేర్పి మనిషిని చేశాడని మావ చెప్పాడు. ఆ ఒక్క కల్పన పట్టుకుని నేను చిన్నతనంలో ఎంత ఆశపడ్డానో ఆ కాగితం రాసిచ్చిన పిల్లకి తెలియదు.

మావ అంటే మా అమ్మకి అన్న. పేరు సూర్యనారాయణ, ఊరంతా లైబ్రరీ నాయుడు అనేది. రాజాం నుంచి గరివిడి వైపు పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. మా నాన్నది నాగావళికి అవతల. మా ఇంట్లో పిల్లలం ఎక్కువ. మావ ఇంట్లో పిల్లలు లేరు, అత్తకి మోకాళ్ళ నొప్పులు మాత్రం ఉన్నాయి. ఆ రెండూ కలిపి ఆలోచించి మావ ఒకరోజు బండి కట్టుకొచ్చి నన్ను తీసుకుపోయాడు. నేనంటే ప్రత్యేకమైన ప్రేమేమీ కాదు. మా అక్క అప్పటికే పొలం పనికి పోతోంది, చెల్లికి ఇంకా బిందె మోసే ఎత్తు రాలేదు. మధ్యలో మిగిలింది నేను. మా అమ్మ మాత్రం వీధి వీధంతా చెప్పుకుంది. "మా అన్న ఇంట్లో లైబ్రరీ ఉన్నాదమ్మా. బీరువా నిండా పుస్తకాలే. నా కూతురు సదువుల మజ్జిన పెరుగుతాది," అని. ఆ మాటలో అబద్ధం లేదు. చదువుల మధ్యనే పెరిగాను, వాటి మీది దుమ్ము దులుపుతూ.

ఆ లైబ్రరీ మావ ఇంటి ముందుగదే. ఒక బీరువా, రెండు పొడవాటి బల్లలు, ఒక మేజా, గోడకి 'పొగ తాగరాదు' అన్న బోర్డు. ఆ బోర్డు కింద కూర్చునే మావ భార్య, మా సింహాలత్త, చుట్ట కాల్చేది. మా వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు, అడ్డచుట్ట అంటారు దాన్ని. పేపరు చదవడానికి వచ్చిన పెద్దమనిషి ఎవరో దాని గురించి మావని నిలదీస్తే, "నిప్పు నోట్లో ఉన్నాది, పొగ కడుపులోకి పోతన్నాది. గదిలోకి ఏటి వత్తాది బాబూ?" అని తీర్పు చెప్పాడట. నిబంధనల మీద మావకి అంత పట్టు ఉండేది.

నా పొద్దు పేడతో మొదలయ్యేది. కళ్ళాపి చల్లి, ముగ్గేసి, నీళ్ళు తెచ్చి, అంట్లు తోమి, చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి, అప్పుడు ముందుగది ఊడ్చేదాన్ని. గోగు కోసి నారకోసం గెడ్డల్లో, అంటే వాగుల్లో, కట్టలు నానేసే కాలంలో మా ఊరి గాలి పీల్చడం కొత్తవాళ్ళ వల్ల అయ్యేది కాదు. కుళ్ళిన కాడ వాసన బట్టలకీ, అన్నానికీ, నిద్రకీ కూడా పట్టేసేది. ఆ ముక్కుతో బీరువా తలుపు తీస్తే వచ్చే వాసన ఇంకో ఊరిదిలా ఉండేది. కలరా ఉండలు, జిగురు, వానాకాలపు చెమ్మ, కొత్త పుస్తకాల్లో కాస్త కిరసనాయిలు లాంటి ఘాటు. తుడిచే వంకతో లోపలికి తల పెట్టి ఊపిరి పీల్చేదాన్ని. "ఒసే గుంటా, పుస్తకాలు తుడవమన్నాను గానీ పీల్సమన్నానేటి?" అని అత్త కేక వేసేది. నాకు తెలిసిన చదువు అప్పటికి అంతే. ఏ పుస్తకం ఏ వాసన వేస్తుందో చెప్పగలిగేదాన్ని.

ఆ ఉద్యోగం మావకి పుస్తకాలు చదివినందుకు రాలేదు. మా వైపు పెద్ద భూస్వామి ఒకాయన, అందరూ బాబు అనేవాళ్ళు, ఎమ్మెల్యేగా నెగ్గినప్పుడు మావ ఆయన కోసం ఊళ్ళు తిరిగి ఓట్లు పోగుచేశాడు. నెగ్గిన బాబు ఏం కావాలి నాయుడూ అని అడిగితే, మావ ఊరికి లైబ్రరీ కావాలన్నాడు, తన ముందుగది ఖాళీగానే ఉందన్నాడు. మిగిలినవాళ్ళ కోరికలతో పోలిస్తే అది ఎంత చిన్నదంటే, బాబు నమ్మలేక మళ్ళీ అడిగి మరీ ఇప్పించాడట. లైబ్రరీ అయితే వచ్చింది గానీ, మావకి రాజకీయం తగ్గలేదు. పుస్తకం తీసుకుపోవడానికి వచ్చినవాడికి పుస్తకంతో పాటు బాబు గొప్పతనం కూడా ఇచ్చి పంపేవాడు. పుస్తకాలు కొన్నైనా తిరిగి వచ్చేవి.

అమెరికావాళ్ళు ఉచితంగా పంపే పుస్తకాలు కొన్ని ఉండేవి, నున్నటి కాగితంతో, చేతికి జారిపోయేవి. వాటిలో ఒక పలచటి పుస్తకంలో ఉంది ఆ గుమాస్తా కథ. బస్సులో వచ్చిన పేపరు చదవడం అయ్యాక మావ దాన్ని బయటికి తీసేవాడు. మగవాళ్ళు బల్లల మీద, ఆడవాళ్ళు లోపలి గుమ్మానికి అవతల, నేను గడప మీద. ఆయన చదివేదెంతో, కలిపేదెంతో అప్పుడు మాకెవరికీ తెలియదు. తవిటయ్య తాత అని ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన ప్రశ్న వేయకుండా కథ ముందుకి కదిలేది కాదు.

"అక్కడ కొత్తగా సభ పెట్టినప్పుడు, కాగితాలు గట్టిగా సదవడానికీ, అందరి మాటలూ రాయడానికీ ఒక మనిషి కావాలన్నారు. ఆ కుర్సీలో మొట్టమొదట కూకున్నాది ఈయనే," అన్నాడు మావ.

"అయితే మన కరణం లాటోడన్నమాట," అన్నాడు తాత.

"కరణానికి ఊరి గుట్టు తెలుస్తాది తాతా. ఈయనకి దేశం గుట్టంతా తెలుసు. పెద్దపెద్దోళ్ళు ఈయన ముందు నోరిప్పడానికి జడిసేవోరు."

"మరి బతకనిచ్చినారా?"

"బతకనివ్వడమేటి, ఆఖరికి లైబ్రరీ కూడా ఈయన సేతిలోనే పెట్టినారు."

"అయ్యో పాపం," అన్నాడు తాత మనస్ఫూర్తిగా.

మావ పట్టించుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని, "ఈ మనిషిదీ నాదీ ఒకటే జాతకం," అన్నాడు. ఇద్దరూ రాతపనితో పైకొచ్చినవాళ్ళు, ఇద్దరూ ఎన్నికలు నడిపినవాళ్ళు, ఇద్దరికీ పుస్తకాలు అప్పజెప్పారు. దేశాల పరిమాణంలోనే కాస్త తేడా. ఆ పుస్తకంలో ఆయన బొమ్మ లేదు. అందుకని నా ఊహలో ఆ అమెరికా గుమాస్తాకి మావ మీసాలే ఉండేవి, పంచె కూడా.

అందరూ సభ సంగతి విన్నారు. నేను విన్నది ఓడ ఎక్కిన పిల్లాడి సంగతి. నా ఈడు పిల్లాడు, అయినవాళ్ళని వదిలి, ముసలివాళ్ళింటికి పనికి వచ్చాడు. వాడికి అక్షరాలు వచ్చేశాయి. మర్నాడు మావ భోంచేసి లేచినప్పుడు చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగాను.

"మావా, ఆ పిల్లోడు పనికే గదా ఓడెక్కినాడు?"

"పనికే."

"నన్నూ పనికే గదా బండెక్కించినావు?"

మావ చేతులు రుద్దుకోవడం ఆపాడు.

"ఆ ముసిలాయన వోడికి అచ్చరాలు నేర్పినాడన్నావు. మరి నాకు?"

లోపలి నుంచి అత్త పకపకా నవ్వింది. "అడిగిందయ్యా గుంట! సెప్పు, ఏటి సెప్తావో సెప్పు. మీ అమెరికావోడు ఇంటికొచ్చేసినాడు."

మావ తువ్వాలు అందుకుని చాలా సేపు తుడుచుకున్నాడు. "ఎలచ్చన్లు వస్తన్నాయి. బుర్రలో సోటు లేదు. మనం గెలిస్తే నీకు అచ్చరాలు నేర్పుతాను. మాటంటే మాట," అన్నాడు. మనం గెలిస్తే అన్నది ఆయన ఊతపదం. ఇంటి పెంకులు మార్చడం, అత్తని రామతీర్థం తీసుకెళ్ళడం, ఆవుని కొనడం, అన్నీ దాని కిందే ఉన్నాయి. నా అక్షరాలు కూడా వెళ్ళి ఆవు పక్కన నిలబడ్డాయి.

ఆ ఏడు బాబుకి పార్టీ టిక్కెట్టు రాలేదు. ఆయన బావమరిదికీ రాలేదు. ఇద్దరూ అలిగి, ఒకరి మీద ఒకరు స్వతంత్రంగా నిలబడ్డారు. మా బాబుకి పడవ గుర్తు వచ్చింది, బావమరిదికి గొడుగు గుర్తు. పార్టీవాడు మూడోవాడు, అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చిక్కు ఎక్కడంటే, మా ఊళ్ళో గొడుగు తెలియనివాడు లేడు, పడవ చూసినవాడు లేడు. మావి మెట్ట పొలాలు, చోళ్ళూ గోగూ పండే నేల. వానాకాలంలో గెడ్డ పొంగితే నడుము లోతున దాటడమే తప్ప పడవ ఎందుకొస్తుంది? మావ రెండు రోజులు బుర్ర గోక్కుని మళ్ళీ అమెరికా పుస్తకం తీశాడు. అక్కడ ఆ కాలంలో ఓటంటే పేర్లు రాసిన కాగితం తీసుకెళ్ళి ఇవ్వడమట. మన గుమాస్తా తనవాళ్ళని కూర్చోబెట్టి, తన మనుషుల పేర్లు చేత్తో వేలకొద్దీ కాగితాల మీద రాయించి ఊరూరా పంచిపెట్టించాడట. అది చదువుతూనే మావ తొడ చరిచాడు.

"మనకాడ రాసీవోడేడి, సదివీవోడేడి? గానీ ప్రతి ఇంటి ముంగిటా తెల్లారీసరికి రాత పడతాది గదా," అని నా ముగ్గుచిప్ప వైపు చూశాడు. "ఈ గుంట సెయ్యి సూసినావా? దీని గీతలో వొణుకు నేదు."

నా గురించి ఎవరైనా మెచ్చుకుంటూ మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మర్నాడు మావ వీధిలో నిలబడి నాచేత పడవ గీయించాడు. తెరచాప వేయబోతే పిండి దండగ అన్నాడు. కింద గిన్నెలా సగం గుండ్రం, దాని మధ్య నుంచి నిలువుగా ఒక కర్ర, కర్ర కొసన చిన్న జెండా. అంతే. గుండ్రం వీధి వైపు, కర్ర గడప వైపు ఉండాలన్నాడు. "దారిన పోయే ప్రతి ఓటరుకీ పడవ నిటారుగా కనపడాల," అని నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని తల ఆడించాడు.

గడపలో నిలబడి చూస్తున్న అత్త, "ఇదేటయ్యా, గొడుగులాగున్నాది," అంది.

"నువ్వు ఇంట్లోంచి సూస్తన్నావు. రోడ్డు మీదకొచ్చి సూడు."

"రోడ్డు మీదకొచ్చి కూకోడానికి నాకేటి పనిలేదేటి? అంట్లు నువ్వు తోముతావేటి?" అని ఆమె లోపలికి పోయింది. ఆ మాట అన్న ఆమే మర్చిపోయింది. విన్నవాళ్ళం మేమూ మర్చిపోయాం.

తరవాత నెలంతా నా జీవితంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి పడవ నేర్పాను. పెద్దపెద్ద ఆడవాళ్ళు, పిల్లల తల్లులు, నా వెనక వంగి నా చెయ్యి చూసి గీసేవాళ్ళు. తప్పు వస్తే, "ఏటే, ఇలాగేనా? ఓపాలి నువ్వే గీసీయే," అని బతిమాలేవాళ్ళు. అందరూ దాన్ని బాబు ముగ్గు అన్నారు, ఎవరూ పడవ అనలేదు. ఒకరోజు బాబు జీపులో వచ్చాడు. కిందికి దిగకుండానే వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇన్ని పడవలు తాను భీమిలి రేవులో కూడా చూడలేదని మావ భుజం తట్టాడు. జీపులోంచి చూసినవాళ్ళందరికీ అవి పడవలే. ఆ రాత్రుళ్ళు నేను పడుకుని, పలక ఎలా ఉంటుంది, బలపం తింటే మట్టి రుచే ఉంటుందా అని ఆలోచించేదాన్ని. గెలుస్తామన్నదాంట్లో నాకు సందేహం లేదు. ఊరు ఊరంతా నా గీతే ఉంది మరి.

ఓట్ల రోజు బడి దగ్గర ఆడవాళ్ళు ముందు వెళ్ళారు. అత్త పసుపు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి ముందు నడిచింది. తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బోర్డు కింద కూర్చుని చుట్ట వెలిగించింది. మావ కూడా లోపలికి వచ్చాడు.

"గుద్దినావా?"

"గుద్దకేటి? మన ముగ్గు మీదే గుద్దినాను. లైన్లో ఉన్న ఆడోళ్ళందరికీ సెప్పి మరీ గుద్దించినాను. మా గుంట ముగ్గే, మర్సిపోకండే అన్నాను."

"పడవ మీదే గదా?"

"పడవో గిడవో నాకేటి తెలుసు, నానెప్పుడన్నా ఎక్కినానా? రోజూ గుమ్మంలోంచి సూస్తన్న ముగ్గే," అని అత్త చెంబులో వేలు ముంచి గచ్చు మీద గీసి చూపించింది. పైన గుండ్రం. మధ్యన కర్ర. అడుగున, జెండా ఉండాల్సిన చోట, చిన్న వంకీ.

మావ వంగి దాన్ని చూశాడు. తరవాత లేచి వీధిలోకి వెళ్ళి మా ముగ్గు ముందు నిలబడ్డాడు. పడవ. గడప దాటి లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి, అత్త రోజూ నిలబడే చోట నిలబడి చూశాడు. గొడుగు, పిడితో సహా. ఆ నెలరోజుల్లో ఆయన ఆ ముగ్గుని ఇంట్లోంచి చూడటం అదే మొదటిసారి. వీధిన పోయేవాళ్ళకి పడవ చూపిద్దామనుకున్నాడు. ఓటు వేసేవాళ్ళు ఇళ్ళలోంచి బయలుదేరతారన్నది ఆయనకి తట్టలేదు. "మీరందరూ..." అన్నాడు. అత్త చుట్ట నోట్లోంచి తీసి, "మంచి పని సేసినానా?" అంది. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

గొడుగు గెలిచింది. గెలిచిన బావమరిది ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది. ఈయన జీపు దిగాడు, నిజం చెప్పాలి. తన మెడలోని దండ తీసి మావ మెడలో వేసి, "నాయుడూ, మీ ఊరి ఆడోళ్ళు ముగ్గులేసి మరీ నన్ను గెలిపించినారంట. ఈ లైబ్రరీలోనే నేర్పినారంట. నాను మర్సిపోను," అన్నాడు. మర్చిపోలేదు. అంత పలుకుబడి ఉన్న లైబ్రరీ తన సొంత ఊళ్ళోనే ఉంటే మంచిదనుకున్నాడు. కొద్దిరోజులకే రెండు బళ్ళు వచ్చాయి. బీరువా, బల్లలు, మేజా, పుస్తకాలు, చివరికి బోర్డు కూడా ఎక్కించుకుని పోయారు. ఆయన అల్లుడు లైబ్రేరియన్ అయ్యాడు. దండ వేయించుకున్నాడన్న సంగతి తెలిసి మా బాబు మావ ముఖం చూడటం మానేశాడు. నమ్మినవాణ్ణి అమ్ముకున్నాడని ఊరూరా చెప్పాడు. గెలిచినవాడు మావని మెచ్చుకున్నాడు, ఓడినవాడు తిట్టాడు, ఇద్దరూ ఒకే పనికి. మావ ఎవరి దగ్గరికీ వెళ్ళి తన తప్పు చెప్పుకోలేకపోయాడు. మోసం చేశానని ఒప్పుకున్నా కొంత గౌరవం మిగులుతుంది. గడప అవతల నుంచి చూడలేదని ఎలా చెబుతాడు?

బళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు నేను ఖాళీ గది ఊడ్చాను. అలవాటు కొద్దీ. మావ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడాయనకి బోలెడు తీరిక.

"మావా, అచ్చరాలు నేర్పుతానన్నావు."

"గెలిస్తే అన్నాను."

"ముగ్గు గెలిసింది గదా."

మావ నా ముఖంలోకి చూశాడు. వెక్కిరిస్తున్నానేమో అనుకున్నాడు. నేను వెక్కిరించలేదు. ఊరంతా నా ముగ్గు చూసి ఓటేసింది, ఆ ముగ్గు గెలిచింది. నా వాదనలో నాకు లోటేమీ కనబడలేదు.

"ముగ్గు గెలిసిందే. మనం గెలవలేదు," అన్నాడు చివరికి.

అత్త వంటింట్లోంచి, "ఓడిపోయినోళ్ళు అచ్చరాలు సెప్పకూడదేటి? సేతులు కాళీగానే ఉన్నాయి గదా," అని అరిచింది. మావ తల అడ్డంగా ఊపాడు. మాటంటే మాట. రాజకీయాల్లో ఉన్నంతకాలమూ మావ అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

తరవాతి సంవత్సరాలు మావ ఆ గుమాస్తాతోనే గడిపాడు. పుస్తకం బండెక్కి పోయింది గనక కథ అంతా ఇప్పుడు ఆయన నోట్లోనే ఉంది. చేతిరాత కాగితాలు పంచిన గుమాస్తా తన ప్రాంతంలో తన నాయకుణ్ణి గెలిపించాడట. అయినా ఆయన నాయకుడు దేశంలో రెండోవాడుగా మిగిలాడట. అవతలివాళ్ళు వచ్చి గుమాస్తాని కుర్చీలోంచి లేపేశారట. "అచ్చం నాలాగే," అనేవాడు. కానీ మళ్ళీ ఎన్నికలొచ్చి ఆయన మనిషి గెలిచాడు, పాత కుర్చీ తిరిగి వచ్చింది, దానితో పాటు కొత్తగా పెట్టిన లైబ్రరీ కూడా వచ్చింది. అక్కడికి వచ్చేసరికి మావ గొంతు పెద్దదయ్యేది. తవిటయ్య తాత ఆ ఖాళీ గదిలో కింద కూర్చుని, "అయితే నీకు ఈ పాలి రెండు లైబ్రరీలు వస్తాయేటి?" అనేవాడు. చేతుల మీద నీళ్ళు నేను రోజూ పోసేదాన్ని. ఆ సంగతి మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఎన్నికల కోసం ఎదురుచూసేవాళ్ళింట్లో ఏ పనికైనా ఎన్నికల కోసమే చూడాలి. అవి రాకముందే నాకు పెళ్ళయిపోయింది.

మావ చెప్పినట్టే జరిగింది, అది ఒప్పుకోవాలి. మరోసారి ఎన్నికలు వచ్చాయి, బాబూ ఆయన బావమరిదీ రాజీపడ్డారు, పాత పగలన్నీ రద్దయ్యాయి, మావకి లైబ్రరీ తిరిగి వచ్చింది. వెంటనే నాకు కబురు పెట్టాడు. "మనం గెలిసినాం. అచ్చరాలకి రమ్మను," అని. అత్తారింట్లో అందరూ నవ్వారు. చంకలో పిల్ల, కడుపులో ఇంకొకటి. అయినా వెళ్ళాను, ఒక పూటకని బతిమాలుకుని. మావ కొత్త పంచె కట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. గోనె సంచుల్లో పుస్తకాలు తిరిగి వచ్చాయి. ఆ అల్లుడి దగ్గర వాటితో పాటు ధాన్యం కూడా పెట్టారేమో, ఎలకలు అన్నిటినీ సమానంగా చూశాయి.

"వచ్చినావా? మాటంటే మాట. ముందు ఈ గది ఓపాలి తుడిసీ. ఈ ఎలకల మజ్జిన అచ్చరాలేటి సెప్తాను?"

తుడిచాను. దులిపాను. చదవడం రాదు గనక రంగుల వరసలో సర్దాను, చూడటానికి చాలా బాగుంది. పిల్ల ఏడిస్తే అత్త ఎత్తుకుంది. అంతా అయ్యాక మావ చుట్టూ చూసి, "పలక నేదు గదే," అన్నాడు. అప్పుడే వీధిలో బాబు జీపు ఆగింది. రాజాంలో ఏదో మీటింగు. "ఇప్పుడే వత్తాను, వచ్చీటప్పుడు పలక తెత్తాను, కూకో," అని ఎక్కి వెళ్ళిపోయాడు. నేను కూర్చున్నాను. అత్త చోడి అంబలి పెట్టింది, పిల్లకి తల దువ్వింది. బస్సు వేళ అయింది, నేను లేచాను. "బేగి ఎల్లిపోయే. ఆయన వచ్చీసరికి నీ పిల్ల పెళ్ళీడుకొచ్చేస్తాది," అంది అత్త. తరవాత ఎప్పుడో కలిసినప్పుడు చెప్పింది. ఆ సాయంత్రం మావ నిజంగానే పలక తెచ్చాడట, చెక్క చట్రం ఉన్నది, బలపాల పెట్టెతో సహా. "ఆగలేకపోయిందా? సదువు మీద శ్రద్ధ నేదు," అని నన్ను తిట్టాడట. పలక చాలాకాలం ఊరగాయ జాడీ మీద మూతగా ఉంది. చట్రం తీసేశాక సరిగ్గా పట్టిందట.

ఇప్పుడు రాజాంలో ఆ అమ్మాయి నా పక్కన నిలబడి, తెలియని మాట చెప్పి, మళ్ళీ తన పనికి పోతుంది. ఏ ఎన్నికా మధ్యలోకి రాదు. ఒక్కోసారి ఇంత తేలికైన పనికా మేము అంత కాలం తన్నుకులాడాం అనిపిస్తుంది. అయితే మావ మీద నాకున్న కోపం ఆ కాగితం చదివాక కాస్త దారి తప్పింది. ఆ పిల్లాడికి ముందే అక్షరాలు వచ్చునని పుస్తకంలో ఉన్నట్టే చదివి ఉంటే, నాకు అడగాలన్న ఊహ కూడా వచ్చేది కాదు. చదువొచ్చినవాడు, అందుకే తీసుకెళ్ళారు, సరిపోయింది అనుకుని నీళ్ళకి పోయేదాన్ని. నాకు ఆశ పెట్టిందీ ఆయనే, తీర్చనిదీ ఆయనే. రెండు పనులూ ఒకే మనిషి అంత శ్రద్ధగా చేయడం రాజకీయాల్లో అలవాటు ఉన్నవాళ్ళకే సాధ్యం.

ఆ అమెరికా గుమాస్తా కుర్చీలో ఉండగానే పోయాడట. మావ కూడా అంతే, లైబ్రరీ ఆయన చేతిలో ఉండగానే పోయాడు. ఆ ముందుగదిలోనే సంతాపసభ పెట్టారు. ఖద్దరు చొక్కాలు చాలా వచ్చాయి. ప్రతివాళ్ళూ లేచి, ఈ మారుమూల ఊళ్ళో ఇంటింటికీ అక్షరాలు అందించిన మహానుభావుడని చెప్పారు. ఒకాయనకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, ఆయన చేతుల్లో పెరిగిన మేనకోడలినని. చివర్లో, వచ్చినవాళ్ళందరూ నాలుగు మాటలు రాయడానికి ఒక పుస్తకం తిప్పారు. అది నా ఒళ్ళోకి వచ్చింది. నేను దాన్ని అలాగే పట్టుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరికో అర్థమై, స్టాంపు ప్యాడు తెమ్మని మెల్లగా పురమాయించారు. ఒక అమ్మాయి తెచ్చింది. నా బొటనవేలు పట్టుకుని, ముందు ప్యాడు మీదా తరవాత కాగితం మీదా నొక్కింది. పక్కన నా పేరు ఇంకెవరో రాశారు. అత్త నా చెవిలో, "పోనీలే, ఆయన పుస్తకాల్లో నీ గీత ఒకటైనా పడింది," అంది. ఆ అమ్మాయి తుడుచుకోవడానికి గుడ్డముక్క ఇచ్చింది. వేలు తుడుచుకుంటూ ఆమెనే అడిగాను, ఎవరూ గెలవకపోయినా అక్షరాలు నేర్పే చోటు ఎక్కడైనా ఉందా అని.